మూలప్రతి చూపని తీర్పు: భాషాపరిష్కర్తల పనిపై మన సమీక్షలు

సిద్ధాంత గ్రంథాలను, సదస్సుల వ్యాససంపుటాలను రుసుము తీసుకొని దిద్దిపెట్టే స్వతంత్ర భాషాపరిష్కర్తలు తెలుగు పరిశోధన రంగంలో అందరికీ తెలిసిన, ఎవరూ ప్రస్తావించని వర్గం. విశ్రాంత భాషోపాధ్యాయులు, పత్రికల డెస్కుల్లో పనిచేసి వచ్చినవారు, ఉద్యోగం దొరకని పరిశోధకులు ఇందులో ఉన్నారు. వీరి పనిపై మనవారు చెప్పే అభిప్రాయాలు రెండే: ‘చాలా బాగా చేశారు’, ‘తప్పులు వదిలేశారు’. మొదటిది మర్యాద కోసం అన్నమాట, రెండవది కోపంలో అన్నమాట. ఈ ఒక్క ముక్కతోనే ఒక మనిషికి మళ్ళీ పని దొరుకుతుందా లేదా అన్నది తేలిపోతున్నప్పుడు ఈ ఉదాసీనతను సమర్థించలేం.

ప్రాచీన కావ్యాల విషయంలో మనం ఇంత ఉదాసీనులం కాము. మానవల్లి రామకృష్ణకవి నన్నెచోడుని కుమారసంభవాన్ని 1909లో ప్రకటించిన నాటి నుంచి ఆ కావ్యం కాలం, ప్రామాణికత దశాబ్దాల పాటు వివాదాస్పదమయ్యాయి. అటువంటి వివాదాల్లో తాళపత్రప్రతిలో ఏముంది, పరిష్కర్త చేయి ఎంత అన్న ప్రశ్నను తప్పించుకొనే వీలు లేదు. పాఠాంతరాలు చూపని ముద్రణను పండితలోకం అనుమానంగానే చూస్తుంది. అదే పండితులు సజీవుడైన పరిష్కర్త దగ్గరకు వచ్చేసరికి మూలప్రతి ఊసే ఎత్తరు! అచ్చయిన పుస్తకాన్ని మాత్రమే చూసి, అందులోని ప్రతి దోషాన్నీ అతని ఖాతాలో వేస్తారు. అతనికి అప్పగించిన పని ఏది? ప్రూఫులు దిద్దడం వేరు, వాక్యాన్ని సంస్కరించడం వేరు, అధ్యాయాల కూర్పును సరిచేయడం వేరు. ప్రూఫులకు మాత్రమే సొమ్మిచ్చి, వాదంలో పట్టు లేదని పరిష్కర్తను తప్పుపట్టడం అన్యాయం.

ఈ దోషం నాలోనూ ఉంది. నేను బాధ్యత వహించిన ఒక సదస్సు సంపుటిలో వత్తులు చెదిరి, కొన్ని పదాలు అర్థం కాకుండా పోయాయి. పరిష్కర్త అశ్రద్ధ అని నలుగురిలో అన్నాను. తరువాత ఆయన దిద్ది పంపిన ప్రతిని వెదికి చూస్తే ఆ పదాలన్నీ సరిగానే ఉన్నాయి. పాత ఖతిలోని పాఠాన్ని యూనికోడులోకి మార్చినప్పుడు డీటీపీ దశలో జరిగిన నష్టమది. క్షమాపణ చెప్పాను. కాని నా మొదటి మాట విన్నవారందరూ రెండవ మాట వినలేదు.

ఇంత చెప్పి పరిష్కర్తలను వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. జానపద విజ్ఞాన పరిశోధనలో వక్త ‘వచ్చిండు’ అన్నదాన్ని ‘వచ్చాడు’ అని దిద్దితే, ఉత్తరాంధ్ర వక్త ‘చేసేరు’ను ‘చేశారు’గా మారిస్తే, అది భాషాసంస్కారం అనిపించుకోదు. క్షేత్రపర్యటనలో సేకరించిన ఆధారాన్నే చెరిపివేయడమది. ఇటువంటి దోషాన్ని మొహమాటం లేకుండా చెప్పాలి. అయితే ‘భాష చెడగొట్టారు’ అంటే చాలదు. మూలవాక్యాన్నీ దిద్దిన వాక్యాన్నీ పక్కపక్కన చూపాలి. ‘గ్రంథమంతా ఒకే భాషలో ఉండాలి’ అని ఆదేశించింది పరిశోధకుడేనా అన్నదీ చెప్పాలి. ఆదేశం అతనిదే అయితే నిందలో ఎక్కువ పాలు అతనిదే. మొహమాటపు మెప్పు ఇక్కడే ప్రమాదకరం: దాన్ని నమ్మి తన జానపద సామగ్రిని అదే చేతికి అప్పగించే మరో విద్యార్థి నష్టపోతాడు.

పరిష్కర్త పేరు బయటపెడితే సిద్ధాంత గ్రంథమే తనది కాదంటారని పరిశోధకులు భయపడతారు. ఈ భయం నిజమైనదే. కాని దాచినకొద్దీ అనుమానం పెరుగుతుంది. ఏ పని, ఎన్ని రోజుల గడువులో చేయించుకున్నదీ ఒక వాక్యంలో చెబితే గ్రంథకర్తృత్వానికి లోటేమీ రాదు. దిద్దని పుటలు కొన్నింటిని భద్రపరిస్తే రేపటి సమీక్షకుడికి ఆధారం మిగులుతుంది. మన కృతజ్ఞతల పుటల్లో పర్యవేక్షకునికి, గ్రంథాలయ సిబ్బందికి, టైపు చేసిన వారికి, ఇంట్లోవారికి చోటుంది. వాక్యాలు దిద్దిన మనిషి మాత్రం ‘తదితర మిత్రులు’లో ఎక్కడో ఉంటాడు.