రామగుండం: బొగ్గు అయిపోతే ఈ ఊరి సంగతేంటి? వెలుగులిచ్చే టౌన్‌షిప్‌ల వెనుక అసలు కథ ఇదే!

మీరు ఈ వార్త చదువుతున్న ఫోన్‌కు ఛార్జింగ్ ఎక్కడి నుంచి వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? తెలుగు రాష్ట్రాల్లో ఉన్నవాళ్లయితే, అందులో కొంత కరెంటు రామగుండం నుంచి వచ్చి ఉండొచ్చు. హైదరాబాద్‌కు సుమారు 220 కిలోమీటర్ల దూరంలో, గోదావరి ఒడ్డున ఉన్న ఈ ఊరు మామూలు ఊరు కాదు. ముందు ఊరు పుట్టి, తర్వాత ఫ్యాక్టరీ వచ్చిన చోటు కాదిది. బొగ్గు కోసం, కరెంటు కోసం, యూరియా కోసం కంపెనీలే కాలనీలు గీసి కట్టిన ఊరు. ఇప్పుడు ఇక్కడ అందరి నోటా ఒకటే ప్రశ్న. కంపెనీకి మనుషుల అవసరం తగ్గిపోతుంటే, ఆ కంపెనీని నమ్ముకున్న ఊరు ఏం కావాలి?

ఒక ఊరు.. మూడు సైరన్లు

రామగుండం అంటే ఒక్క ఊరు అనుకుంటాం. నిజానికి ఇది పక్కపక్కనే ఉన్న రెండు మూడు కంపెనీ ఊళ్ల కలయిక.

మొదటిది సింగరేణి ఊరు.. గోదావరిఖని. ఇల్లెందు దగ్గర 1889లో మొదలైన సింగరేణి బొగ్గు తవ్వకాలు 1960ల్లో గోదావరి తీరానికి చేరాయి. వరుసగా గనులు వచ్చాయి. వాటితోపాటే కార్మికుల కాలనీలూ వెలిశాయి. ఆ పేర్లు చూడండి. ఫైవింక్లయిన్, యైటింక్లయిన్ కాలనీ, పవర్‌హౌస్ కాలనీ.. దేవుడి పేరో, నాయకుడి పేరో కాదు, గని నంబరే ఇంటి అడ్రస్ అయిపోయింది. సింగరేణికి వందేళ్లు నిండిన గుర్తుగా సెంటినరీ కాలనీ కూడా ఉంది.

రెండోది ఎన్టీపీసీ ఊరు.. జ్యోతినగర్. 1978 నవంబర్‌లో అప్పటి ప్రధాని మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేశారు. 1983లో తొలి యూనిట్ వెలిగింది. 200 మెగావాట్లవి మూడు, 500 మెగావాట్లవి నాలుగు.. మొత్తం 2,600 మెగావాట్లు. చివరి యూనిట్ 2004లో వచ్చింది. చెట్లు, వెడల్పాటి రోడ్లు, స్కూలు, ఆస్పత్రి, ఆడిటోరియం.. టౌన్‌షిప్ గేటు దాటి లోపలికి వెళ్తే వేరే ఊరికి వచ్చామా అనిపిస్తుంది.

మూడోది ఎరువుల ఫ్యాక్టరీ ఊరు. దీని కథ వింటే రామగుండం భయం ఎందుకో అర్థమవుతుంది. దాని దగ్గరికి వద్దాం.

ఎందుకు ఇక్కడే?

లెక్క చాలా సింపుల్. కింద బొగ్గు ఉంది. పక్కన గోదావరి నీళ్లున్నాయి. ఢిల్లీ, చెన్నై మధ్య రైల్వే లైన్ ఊరి మీదుగానే వెళ్తుంది. బొగ్గును వందల కిలోమీటర్లు మోయడం కంటే, గని పక్కనే ప్లాంట్ పెట్టి కరెంటును తీగల మీద పంపడం చవక. అందుకే గని నుంచి ప్లాంట్ వరకు ప్రత్యేకంగా రైలు ట్రాక్ వేశారు. గూడ్స్ బండి గనిలో బొగ్గు నింపుకుంటుంది, ప్లాంట్‌లో దించి మళ్లీ వెనక్కి వస్తుంది. రాత్రీపగలూ అదే చక్రం.

కానీ ఈ లెక్కలో మనుషులూ ఉన్నారు. తెలంగాణ పల్లెల నుంచే కాదు, కోస్తా నుంచి, ఉత్తరాది నుంచి కూడా ఇక్కడికి పనికొచ్చారు. ఫస్ట్ షిఫ్ట్, సెకండ్ షిఫ్ట్, నైట్ షిఫ్ట్.. ఇంట్లో వంట కూడా షిఫ్ట్ టైమ్ చూసే చేసేవాళ్లు. గనిని ఇక్కడ 'బాయి' అంటారు. 'బాయికి పోయిండు' అంటే డ్యూటీకి వెళ్లాడని అర్థం. డ్యూటీకి వెళ్లిన మనిషి తిరిగి వచ్చేదాకా ఇంట్లో వాళ్లకు టెన్షనే. అది ఊరికే వచ్చిన భయం కాదు. 2003 జూన్‌లో ఇక్కడి జీడీకే 7 ఎల్‌ఈపీ గనిలోకి ఒక్కసారిగా నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు.

ఆ రిస్క్‌కు బదులుగా కంపెనీ ఏమిచ్చింది? క్వార్టర్, ఫ్రీ కరెంటు, ఆస్పత్రి, పిల్లలకు స్కూలు, ఏటా లాభాల్లో వాటా. అందుకే ఈ ప్రాంతంలో సింగరేణి ఉద్యోగం అంటే ఒక్క మనిషి జీతం కాదు, ఇంటిల్లిపాదికీ భరోసా.

ఎరువుల ఫ్యాక్టరీ నేర్పిన పాఠం

ఇప్పుడు మూడో ఊరి సంగతి. బొగ్గుతో యూరియా తయారు చేసే ఎఫ్‌సీఐ ఫ్యాక్టరీ 1980లో ఉత్పత్తి మొదలుపెట్టింది. బొగ్గు ఆధారిత టెక్నాలజీలో తరచూ సమస్యలు, దానికి తోడు కరెంటు కోతలు. నష్టాలు పేరుకుపోయాయి. 1999లో ఫ్యాక్టరీ మూతపడింది.

ఆ తర్వాత దాదాపు రెండు దశాబ్దాలు గేటుకు తాళమే. క్వార్టర్లు పాడుబడ్డాయి. ఉద్యోగం పోయినవాళ్లు వేరే ఊళ్లకు వెళ్లిపోయారు. వాళ్లను నమ్ముకున్న కిరాణా షాపు, టైలర్, టిఫిన్ సెంటర్, ఆటో.. వీళ్లెవరికీ ఏ ప్యాకేజీ రాలేదు. ఎందుకంటే కంపెనీ రికార్డుల్లో వాళ్ల పేరు ఎక్కడా ఉండదు.

చివరికి ఆర్‌ఎఫ్‌సీఎల్ పేరుతో కొత్త ప్లాంట్ వచ్చింది. 2021 మార్చిలో ఉత్పత్తి ప్రారంభించింది. 2022 నవంబర్‌లో ప్రధాని మోదీ జాతికి అంకితం చేశారు. ఏటా 12.7 లక్షల టన్నుల యూరియా దీని కెపాసిటీ. అయితే ఇక్కడో ట్విస్ట్ ఉంది. బొగ్గు గడ్డ మీదున్న ఈ ఫ్యాక్టరీ ఇప్పుడు బొగ్గుతో నడవడం లేదు. పైప్‌లైన్‌లో వచ్చే గ్యాస్‌తో నడుస్తోంది.

అంటే ఏంటి? ఫ్యాక్టరీ మళ్లీ రావచ్చు. కానీ మధ్యలో పోయిన 20 ఏళ్లు, చెదిరిపోయిన ఒక తరం తిరిగి రాదు.

బి-థర్మల్ ఆగింది.. తర్వాతేంటి?

సరిగ్గా ఇదే భయం ఇప్పుడు మరో గేటు దగ్గర కనిపిస్తోంది. 1971లో మొదలైన 62.5 మెగావాట్ల బి-థర్మల్ స్టేషన్ యాభై ఏళ్లకు పైగా పనిచేసి, 2024 జూన్‌లో ఆగిపోయింది. పాత మెషిన్, తక్కువ సామర్థ్యం, ఎక్కువ ఖర్చు.. టెక్నికల్‌గా చూస్తే మూసేయడంలో తప్పేం లేదు. ఆ స్థలంలో 800 మెగావాట్ల కొత్త ప్లాంట్ కట్టాలన్న ప్రతిపాదన ఎప్పటి నుంచో ఉంది.

పాల్వంచలోనూ ఇలాంటి సీనే చూశాం. అక్కడ కేటీపీఎస్ పాత ప్లాంట్‌కు చెందిన 8 కూలింగ్ టవర్లను 2024 ఆగస్టులో కూల్చేశారు. ఆ వీడియోలు మీ ఫోన్‌లోనూ వచ్చే ఉంటాయి. కొన్ని సెకన్లలో దుమ్ము లేచింది, టవర్లు నేలకూలాయి. చూసేవాళ్లకు అదొక వైరల్ వీడియో. కానీ చిన్నప్పటి నుంచి ఆ టవర్లను చూస్తూ పెరిగినవాళ్లకు అది వాళ్ల ఊరి గుర్తు.

ప్రొడక్షన్ పెరిగింది.. మనుషులు తగ్గారు

అసలు పాయింట్ ఇది. బొగ్గు అయిపోవడం వల్లే ఊరికి కష్టం వస్తుందని అనుకుంటాం. కానీ బొగ్గు ఉండగానే కష్టం మొదలైంది.

1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు ఉండేవారు. ఇప్పుడు ఆ సంఖ్య దాదాపు 40 వేలు. మరి ఉత్పత్తి తగ్గిందా? లేదు. అప్పట్లో ఏడాదికి 2 కోట్ల టన్నుల స్థాయిలో ఉన్న బొగ్గు ఉత్పత్తి 2023-24లో 7 కోట్ల టన్నులు దాటింది. మనుషులు సగానికి పైగా తగ్గారు, బొగ్గు మూడింతలకు పైగా పెరిగింది.

ఇదెలా సాధ్యం? అండర్‌గ్రౌండ్ గనుల స్థానంలో ఓపెన్‌కాస్ట్ గనులు వచ్చాయి. వందల మంది తట్టా, చెమ్మస్‌తో చేసే పనిని ఒక పెద్ద షావెల్, నాలుగు డంపర్లు చేసేస్తున్నాయి. కంపెనీ కోణంలో చూస్తే ఇది సక్సెస్ స్టోరీనే. 1990ల్లో నష్టాలతో ఖాయిలా అంచుకు వెళ్లిన సంస్థ ఇప్పుడు వేల కోట్ల లాభాల్లో ఉంది. భూగర్భ గనుల్లో ప్రమాదాల రిస్క్ కూడా తగ్గింది. కానీ ఊరి కోణంలో చూస్తే.. జీతం తీసుకునే చేతులు తగ్గాయి. మార్కెట్‌లో ఖర్చు పెట్టే చేతులూ తగ్గాయి.

పైగా ఓపెన్‌కాస్ట్ ఊరికి దూరంగా ఉండదు. గోదావరిఖని పట్టణం అంచునే తవ్వకాలు జరుగుతున్నాయి. బ్లాస్టింగ్ టైమ్‌లో ఇళ్లు అదురుతున్నాయని, గోడలకు పగుళ్లు వస్తున్నాయని జనం ఎన్నోసార్లు రోడ్డెక్కారు. మరోవైపు ప్లాంట్ల నుంచి వచ్చే బూడిద. ఎండాకాలంలో గాలి వీస్తే బూడిద చెరువుల పక్కనున్న ఊళ్లలో ఆరేసిన బట్టలు కూడా తెల్లగా ఉండవు. కరెంటు ఆరు రాష్ట్రాలకు వెళ్తుంది. బూడిద మాత్రం ఇక్కడే ఉండిపోతుంది.

ఒకే గని.. రెండు రకాల బతుకులు

2024 దసరాకు సింగరేణి లాభాల్లో 33 శాతం వాటా ప్రకటించారు. మొత్తం రూ.796 కోట్లు. పర్మినెంట్ కార్మికుడికి సగటున రూ.1.90 లక్షలు వచ్చాయి. తొలిసారిగా కాంట్రాక్ట్ కార్మికులకు కూడా వాటా ఇచ్చారు. ఎంతంటే.. ఒక్కొక్కరికి రూ.5,000.

ఇవ్వకపోవడం కంటే ఇవ్వడం మంచిదే. కాంట్రాక్ట్ కార్మికుడు కూడా సంస్థలో భాగమేనని ఒప్పుకున్నట్టే. కానీ ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. అదే బొగ్గు, అదే దుమ్ము, అదే షిఫ్ట్. ఒకరికి క్వార్టర్, కార్పొరేట్ ఆస్పత్రిలో వైద్యం. ఇంకొకరికి అద్దె గది, ప్రతిసారీ టెండర్ మారితే పని ఉంటుందో లేదో అన్న భయం. ఒకప్పుడు టౌన్‌షిప్ గోడ కంపెనీ మనిషికి, బయటి మనిషికి మధ్య ఉండేది. ఇప్పుడు ఆ గోడ గని లోపలికే వచ్చేసింది.

ఇక వారసత్వ ఉద్యోగాల సంగతి తెలిసిందే. తండ్రి ఉద్యోగం కొడుక్కి ఇస్తామన్న 2016 నాటి స్కీమ్ కోర్టులో నిలబడలేదు. తర్వాత కారుణ్య నియామకాల దారి తెరిచారు. తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితే కొడుక్కి ఉద్యోగం. ఒక్కసారి ఆలోచించండి. కొడుకు సెటిల్ కావాలంటే తండ్రి ఆరోగ్యం బాగోలేదని తేలాలి. ఏ ఇంటికైనా ఇది ఎంత ఇబ్బందికరమైన పరిస్థితి!

కంపెనీ వేరే చోటికి వెళ్లగలదు.. ఊరు వెళ్లలేదు

ఇదిలా ఉంటే, సింగరేణి తన భవిష్యత్తును తాను చూసుకుంటోంది. ఒడిశాలోని నైనీ బ్లాక్‌లో 2025 ఏప్రిల్‌లో బొగ్గు తవ్వకాలు మొదలయ్యాయి. గోదావరి అవతల జైపూర్‌లో 1,200 మెగావాట్ల సొంత ప్లాంట్ నడుస్తోంది. సోలార్ ప్లాంట్లు కూడా పెడుతోంది. ఎన్టీపీసీ కూడా అంతే. విభజన చట్టంలో తెలంగాణకు హామీ ఇచ్చిన 4,000 మెగావాట్లలో తొలి దశగా 1,600 మెగావాట్ల ప్లాంట్ రామగుండంలోనే వచ్చింది. రిజర్వాయర్ నీళ్ల మీద 100 మెగావాట్ల తేలియాడే సోలార్ ప్లాంట్ 2022లో పూర్తయింది.

ఇవన్నీ మంచి పరిణామాలే. కానీ సోలార్ ప్యానెల్‌కు షిఫ్టులు లేవు. సైరన్ లేదు. ఒక గని ఇచ్చినన్ని ఉద్యోగాలు అది ఇవ్వలేదు. ఒడిశా గనిలో వచ్చే లాభం కంపెనీ ఖాతాలోకి వస్తుంది. గోదావరిఖని చౌరస్తాలో టీ కొట్టుకు రాదు.

గనులు మూతపడితే ఊరు ఎలా చిన్నబోతుందో తెలియాలంటే ఎంతో దూరం వెళ్లక్కర్లేదు. ఒకప్పుడు బొగ్గుతో కళకళలాడిన బెల్లంపల్లిని చూస్తే చాలు.

మరి చేయాల్సిందేంటి?

మొదటిది, డబ్బు ఇక్కడే ఖర్చు కావాలి. గనుల వల్ల నష్టపోయిన ప్రాంతాల కోసం 2015లో జిల్లా మినరల్ ఫౌండేషన్ నిధి వచ్చింది. పాత లీజుల మీద రాయల్టీలో 30 శాతం దీనికి జమ అవుతుంది. ఆ డబ్బు దుమ్ము తినే కాలనీలకు, పగుళ్లు వచ్చిన ఇళ్లకు, ఆస్పత్రులకు ఎంత వెళ్తోందో వార్డుల వారీగా జనానికి తెలియాలి.

రెండోది, భూమి. గని మూసేశాక మిగిలే స్థలం, ఖాళీ క్వార్టర్లు ఎవరివి? కంపెనీ స్థలాల్లో ఏళ్ల తరబడి ఇళ్లు కట్టుకుని ఉంటున్నవాళ్లకు పట్టాలిచ్చే జీవో 76 లాంటి ప్రయత్నాలు జరిగాయి. అది ఒక్కో ఇంటికి పరిష్కారం. మొత్తం ఊరికి ప్లాన్ కావాలి. గని మూసేసే తేదీ కంపెనీకి చాలా ముందే తెలుస్తుంది. ఆ తేదీ మున్సిపల్ కార్పొరేషన్‌కు, షాపు పెట్టుకునేవాడికి, ఇల్లు కట్టుకునేవాడికి కూడా ముందే తెలియాలి.

మూడోది, చదువు, వైద్యం. రామగుండంలో సింగరేణి నిధులతో మెడికల్ కాలేజీ 2022లో మొదలైంది. ఇది సరైన దిశ. బొగ్గు ఉన్నా లేకపోయినా కాలేజీ ఉంటుంది. ఆస్పత్రి ఉంటుంది. వాటి చుట్టూ ఊరు నిలబడుతుంది. కానీ ఒక్క కాలేజీతో 2 లక్షలకు పైగా జనమున్న నగరం బతకదు. బొగ్గు లాభాలు వస్తున్న ఈ టైమ్‌లోనే ఇలాంటివి మరిన్ని రావాలి. లాభాలు ఆగిపోయాక అడిగితే ఎవరిస్తారు?

బొగ్గు రేపే అయిపోదు. ఎన్టీపీసీ పొగగొట్టాలు రేపే ఆరిపోవు. ఇంకా కొన్ని దశాబ్దాల టైమ్ ఉంది. ఎరువుల ఫ్యాక్టరీ గేటుకు తాళం పడ్డ రోజు రామగుండానికి ఆ టైమ్ దొరకలేదు. ఈసారి ఉంది. దాన్ని వాడుకుంటామా, మళ్లీ తాళం పడ్డాకే ధర్నాకు కూర్చుంటామా అన్నదే తేలాల్సింది.