నడిమి మెట్టు

భాషాధ్యయనంలో తొలి మెట్టు ఎక్కడం కష్టమనీ, చివరి మెట్టు చేరడం మరింత కష్టమనీ లోకం భావిస్తుంది. నిజానికి ఎక్కువమంది ఆగిపోయేది ఈ రెండింటి నడుమ. గురువు లేకుండా జపనీస్ భాషను నేర్చుకొనేవారి అనుభవం ఇందుకు చక్కని నిదర్శనం.

ఆరంభదశ ఉత్సాహభరితంగా ఉంటుంది. హిరగాన, కతకాన అనే రెండు లిపులలోనూ మూలాక్షరాలు 46 చొప్పున ఉన్నాయి. పట్టుదల ఉంటే కొద్ది వారాలలోనే అవి వశమవుతాయి. తెలుగువారికి ఆ భాషలోని వాక్యనిర్మాణం కూడా పరాయిదిగా తోచదు. కర్త, కర్మల తరువాత క్రియ చివర రావడం రెండు భాషలకూ సహజం. విభక్తి ప్రత్యయాల వలె జపనీస్‌లో నామవాచకం వెనుక 'ఒ', 'ని' వంటి చిన్న మాటలు చేరి 'ను', 'కు' అనే అర్థాలనిస్తాయి. ప్రతిదినమూ ఏదో ఒక కొత్త సంగతి పట్టుబడుతుంది. ప్రగతి కంటికి కనబడుతుంది.

మధ్యమదశలో పరిస్థితి మారిపోతుంది. నిత్యవ్యవహారానికి అవసరమైనవిగా జపాన్ ప్రభుత్వం 2010లో సవరించి ప్రకటించిన పట్టికలో 2136 కంజి అక్షరాలు ఉన్నాయి. వాటి రూపాన్ని గుర్తించినంత మాత్రాన చదవడం వచ్చినట్లు కాదు. జీవాన్ని సూచించే ఒకే అక్షరాన్ని 'విద్యార్థి' అనే మాటలో 'సే' అనీ, 'జీవితకాలం' అనే మాటలో 'షో' అనీ, 'పచ్చిది' అనే అర్థంలో 'నమ' అనీ పలకాలి. పుస్తకంలో 'తబెతె షిమత్త' అని చదువుకున్నది సంభాషణలో 'తబెచత్త'గా వినిపిస్తుంది. తెలుగులో 'తినేశాను' అన్నదే దాని అర్థం. ఎంత చదివినా ముందుకు సాగినట్లు అనిపించని కాలమిది.

ఈ కష్టం కేవలం అభ్యాసకుల భ్రమ కాదు. 1984లో నాలుగు స్థాయిలతో మొదలైన జపనీస్ భాషా సామర్థ్య పరీక్షలో రెండవ, మూడవ స్థాయిల మధ్య అంతరం మరీ పెద్దదన్న విషయం అనుభవంలో తేలింది. అందువల్ల నిర్వాహకులు 2010లో ఆ నడుమ 'ఎన్3' అనే కొత్త స్థాయిని చేర్చారు.

ఈ దశలో స్వయంగా చదువుకొనేవారు సాధారణంగా ఒక పొరపాటు చేస్తారు. మరొక వ్యాకరణ గ్రంథం, మరొక పదపట్టిక సంపాదించి, తలుపు మూసుకొని మరింత దీక్షగా చదువుతారు. పై పరీక్షలో సంభాషణ లేదు, స్వీయరచన లేదు. అందువల్ల ఉత్తీర్ణులై కూడా నోరు మెదపలేనివారు ఉండటంలో వింత లేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. వీరు ఇంట గెలిచి అక్కడే ఉండిపోతారు.

స్వయంకృషి అంటే ఒంటరికృషి కాదు. ఈ సత్యాన్ని జపాన్ చరిత్రే చాటుతున్నది. 1771లో, నేటి టోక్యో అయిన ఎడో నగరంలో, సుగితా గెన్‌పాకు, మాయెనో ర్యోతాకు మొదలైన వైద్యులు ఒక శవచ్ఛేదాన్ని చూశారు. తమ వద్దనున్న డచ్ శరీరశాస్త్ర గ్రంథంలోని చిత్రాలు యథార్థానికి సరిపోవడం గమనించి, దానిని అనువదించాలని సంకల్పించారు. ర్యోతాకుకు డచ్ భాష కొంత తెలుసు. తక్కినవారికి దాదాపు ఏమీ రాదు. సరైన నిఘంటువు కూడా లేదు. కనుబొమ్మను వివరించే ఒక్క వాక్యం అర్థం కాక పగలంతా గడిచిపోయిందని గెన్‌పాకు వార్ధక్యంలో రాసిన జ్ఞాపకాలలో చెప్పుకొన్నాడు. అయినా వారు నెలకు పలుమార్లు కలుసుకొని, తర్కించుకొని, ఒకరి పొరపాటును మరొకరు దిద్దుకొన్నారు. 1774లో 'కైతై షిన్షో' అనే పేరుతో ఆ అనువాదం వెలువడింది. వారి విజయానికి కారణాలు రెండు: తమకు నిజంగా కావలసిన పుస్తకం ఎదుట ఉండటం, సహాధ్యాయులు పక్కన ఉండటం.

తెలియనివారు కలిసి చదివితే తప్పులే బలపడతాయని కొందరు ఆక్షేపించవచ్చు. అందులో కొంత నిజం లేకపోలేదు. అప్పుడప్పుడు తెలిసినవారి దిద్దుబాటు తప్పక అవసరమే. కాని ఒంటరిగా చదివేవారి తప్పు బయటపడే అవకాశమే ఉండదు. బయటపడని తప్పు అలవాటుగా మారుతుంది. పదిమంది ముందు తప్పు మాట్లాడటానికి పడే సిగ్గు ఒక్క పూటతో పోతుంది. మాట్లాడకపోవడం వల్ల కలిగే నష్టం ఏళ్ళ తరబడి నిలుస్తుంది. చిన్న ఊళ్ళలో జపనీస్ చదివే తోడు దొరకదన్నది నిన్నటి మాట. చేతిలో ఫోను ఉన్న విద్యార్థికి నేడు దూరం అడ్డు కాదు.

చల్లని రాయి మీదనైనా మూడేళ్ళు కూర్చుంటే అది వెచ్చబడుతుందని జపాన్‌లో ఒక సామెత ఉంది. అది ఓర్పును బోధిస్తుంది. నడిమి మెట్టు మీద నిలిచిపోయినవారిలో చాలామందికి ఓర్పు కొరవడలేదు, తోడు కొరవడింది. ఆ రాతిపై మరొకరికి చోటిచ్చినవారు త్వరగా పై మెట్టు చేరుకుంటారు.