గొంతు లేని పాటకు పీట ఎందుకు?

మొన్న ఒక సాయంకాలం మా మనుమడు ఫోనులో ఒక పాట వినిపించాడు. గొంతు బాలసుబ్రహ్మణ్యంగారిది. చరణం ముగిసేసరికి నా కళ్లు చెమర్చాయి. "ఎప్పటి పాటరా ఇది? నేను విననేలేదే!" అన్నాను. వాడు నవ్వి, "ఆయన పాడింది కాదు తాతయ్యా, ఏఐ పాడింది" అన్నాడు.

ముప్పై యేళ్లకు పైగా బడిలో ఛందస్సు చెప్పి, పిల్లవాడు పద్యం చదువుతుంటే యతి తప్పిన చోటు పసిగట్టిన చెవి నాది. అది ఆ పూట ఓడిపోయింది. కనుక యంత్రం పాట వినసొంపుగా ఉండదని నేను వాదించను. వినసొంపుగా ఉన్నంత మాత్రాన గాయకుల పంక్తిలో దానికి పీట వేయరాదన్నదే నా వాదం.

ఇది ఊహించి తెచ్చుకున్న తగవు కాదు. 2025 నవంబరులో అమెరికాలో 'బ్రేకింగ్ రస్ట్' అన్న పేరుతో వెలువడిన ఏఐ పాట బిల్‌బోర్డు వారి కంట్రీ డిజిటల్ అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. 2026 జనవరిలో స్వీడన్‌లో మరొక పాట స్పాటిఫైలో అగ్రస్థానానికి చేరినా, అది ప్రధానంగా ఏఐ చేసినదన్న కారణంతో అక్కడి సంగీత పరిశ్రమ సంఘం తమ అధికారిక పట్టికలో చేర్చలేదు. నా ఓటు స్వీడన్‌కే.

"జనం విన్నారు, లెక్కించారు, ఇందులో తప్పేమున్నది?" అని అడిగేవారికి మన అవధానాన్ని గుర్తుచేస్తాను. పృచ్ఛకులు సమస్య ఇస్తారు, నిషిద్ధాక్షరితో అడ్డుపడతారు, నడుమ గంటలు కొట్టి లెక్క అడుగుతారు. అవధాని అన్నింటినీ ధారణలో నిలుపుకొని చివరకు పద్యాలన్నీ అప్పజెబుతాడు. ఆయన ఉత్తరీయం చాటున కాగితం దాచుకొని చదివాడని తెలిస్తే? పద్యం అదే, యతిప్రాసలూ అవే. అయినా సభ దానిని అవధానమని ఒప్పదు. మనం మెచ్చినది పద్యాన్ని మాత్రమే కాదు, ఒక మనిషి మన యెదుట మోసిన బరువును కూడా. పట్టికలో స్థానం కూడా అటువంటి మెప్పుదలే.

పైగా ఆ విన్న 'జనం' ఎవరు? పూర్తిగా ఏఐ చేసిన పాటలు రోజుకు 50 వేలకు పైగా తమ వద్దకు చేరుతున్నాయని డీజర్ అనే పాటల సంస్థ 2025 నవంబరులో ప్రకటించింది. వాటికి నమోదయ్యే శ్రవణాలలో 70 శాతం వరకు మోసపూరితమైనవని కూడా చెప్పింది. పాడేదీ యంత్రమే, వినేదీ యంత్రమే అయినప్పుడు ఆ పట్టిక ఎవరి అభిరుచికి అద్దం పడుతున్నట్లు?

"శ్రుతిపెట్టెను ఒప్పుకున్నారు, కీబోర్డును ఒప్పుకున్నారు, దీనికేమి?" అన్నది మరొక ప్రశ్న. శ్రుతిపెట్టె గాయకునికి తోడు నిలిచింది, గాయకుణ్ణి లేవగొట్టి ఆయన చోట కూర్చోలేదు. మనిషి వాడుకున్న పనిముట్టుతో నాకు పేచీ లేదు. ఏ.ఆర్. రెహమాన్ 'లాల్ సలామ్' చిత్రంలో కీర్తిశేషులు బంబా బాక్యా, షాహుల్ హమీద్‌ల గొంతులను ఏఐతో వినిపించినప్పుడు వారి కుటుంబాల అనుమతి తీసుకున్నారు, పారితోషికమూ ఇచ్చారు. మన తెలుగులోనో? 'కీడా కోలా' చిత్రంలో తన తండ్రి గొంతును అనుమతి లేకుండా ఏఐతో వాడారంటూ బాలుగారి కుమారుడు చరణ్ 2024 జనవరిలో నోటీసు పంపవలసి వచ్చింది. అడిగి తీసుకోవడానికీ, అడగకుండా తీసుకోవడానికీ నడుమ ఉన్నది మర్యాద ఒక్కటే కాదు, న్యాయం కూడా.

మా విశాఖలో ఈ మాట అనడం కొందరికి వింతగా తోచవచ్చు. అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో ఇక్కడ ఏఐ కేంద్రం నెలకొల్పుతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. రానివ్వండి, మన పిల్లలకు ఉద్యోగాలు వస్తే సంతోషమే. కానీ ఇది షిప్‌యార్డులో పనిచేసిన వంగపండు ప్రసాదరావు పాటకట్టిన ఊరు కూడా. నా పూర్వ విద్యార్థి ఒకడు ఉక్కు కర్మాగారంలో షిఫ్టు దిగి వచ్చి సాధన చేసేవాడు. ఆకాశవాణి స్వరపరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవసారి గట్టెక్కాడు. ఆ రోజు మిఠాయి పట్టుకొని మా ఇంటికి వచ్చి, "మాస్టారూ, నెగ్గానండీ" అన్నాడు. అలసట ఎరుగని, ఓటమి ఎరుగని, రోజుకు యాభైవేల పాటలు పుట్టించే యంత్రంతో వాణ్ణి ఒకే బరిలో నిలిపి, ఇది పోటీ అనడం ఏ ధర్మం?

నేను కోరేవి మూడే. ప్రధానంగా ఏఐ చేసిన పాటలకు వేరే పట్టిక పెట్టండి. ప్రతి పాట మీదా ఆ సంగతి స్పష్టంగా రాయండి, ఎందుకంటే నావంటి వాడి చెవి ఇక చాలదు. పోయినవారి గొంతును వారసుల సమ్మతి లేకుండా ముట్టుకోకండి.

మా మనుమడు ఆ పాటను ఇంకా దాచుకున్నాడు. తీసివేయమని నేను అనలేదు. దాని కింద ఉన్న బాలుగారి పేరు మాత్రం చెరిపించాను.