పింఛనుతో బాధ్యత తీరదు

ఎల్లారెడ్డి పరిసర గ్రామాలలో వికలాంగ బాలల ఇళ్లకు వెళ్లినపుడు సదరం ధ్రువపత్రం, పింఛను సంగతులతో పాటు మేము మరొకటి అడుగుతాము: "బిడ్డ నిన్న గడప దాటిందా?" తరచు మౌనమే జవాబు. కూలికి పోయే తల్లిని ఇందుకు నిందించలేము.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 40 శాతం, ఆపై వైకల్యమున్న పిల్లలకు 6 నుండి 18 ఏళ్ల వరకు దగ్గరి బడిలోనే ఉచిత విద్యను హక్కుగా ఇచ్చింది. ఆ హక్కును అడిగి సాధించాలి. అయితే మక్తబుకు, పెళ్లికి, ఈద్గాకు బిడ్డను వెంట తీసుకుపోవలసినది మనమే.

అంధుడైన హజ్రత్ అబ్దుల్లా ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) ప్రవక్త (సఅసం) మస్జిదులో అజాన్ పలికారు. మన మస్జిదు మెట్ల పక్కన చక్రాల కుర్చీ ఎక్కే వాలుదారి వేయలేమా? మస్జిదు కమిటీలు వచ్చే జుమా నాడే ఈ మాట ఎత్తాలని కోరుతున్నాము.