బెంచీ ఒక్కటే, ఇళ్లే వేరు

2025 ఏప్రిల్ 23న పదో తరగతి ఫలితాలొచ్చాయి. ఆ వారంలోనే పనుండి అమలాపురం వెళ్లి, గడియారస్తంభం సెంటర్లో టీ తాగుతూ నిలబడ్డాను. తలెత్తితే ఎటు చూసినా ఫ్లెక్సీలే. పిల్లల ఫొటోలు, కింద మార్కులు, వాటికింద బడి పేరు పెద్దక్షరాలతో. ఆ పిల్లలు ఇంటికెళ్లేసరికి అన్నం ఎవరు వండి పెట్టేవారో మాత్రం ఏ ఫ్లెక్సీ మీదా లేదు.

పక్కనున్న పెద్దాయన వాటికేసి చూసి అన్నాడు. "చదివేవోడు ఈదిలైటు కిందైనా చదూతాడండి. మన ఎదుర్లంక బాలయోగి గారు చదవలేదా ఏంటండీ? బుర్రుండాలంతే, ఆయ్."

బాలయోగి గారి సంగతి నిజమే. గోదారి ఒడ్డు ఊళ్లో దళిత కుటుంబంలో పుట్టి, లా చదివి, 1998లో లోక్‌సభ స్పీకరయ్యారు. మనందరికీ గర్వమే. కానీ ఆయన పేరు చెప్పి, చదువాగిపోయిన మిగతా వాళ్లందరికీ బుర్ర లేదని తేల్చేస్తాం చూశారూ, అక్కడే నాకు పేచీ. ఒకప్పుడు నేనూ ఆ మాట నమ్మినోణ్ణే. నమ్మితే నాకు హాయి కదా. నేను గట్టెక్కానంటే అది నా బుర్ర గొప్పే అనుకోవచ్చు.

ఆ నమ్మకం పోడానికి కారణం నా బెంచీ పక్కోడు.

మాది రాజోలు దీవిలో ఏటిగట్టు కింద ఊరు. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆరు నుంచి పది దాకా వాడూ నేనూ ఒకే బెంచీ. లెక్కల్లో వాడు నాకంటే మొనగాడు. మేస్టారు బోర్డు మీద లెక్క రాయడం అవ్వకుండానే వాడి నోట్లో జవాబుండేది. మా నాన్న సొసైటీలో గుమస్తా. పెద్ద జీతం కాదు గానీ నెల తిరిగేసరికి చేతికొచ్చేది. వాళ్ల నాన్న మూడెకరాలు కౌలు చేసుకుంటూ, మిగతా రోజుల్లో కొబ్బరి దింపుకి వెళ్లేవోడు.

మేం పదో తరగతిలోకొచ్చింది 2011లో. ఆ సార్వాకి కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించారు, గుర్తుందా? ధర గిట్టదు, మురుగు కాలవలు పూడిపోయి చేలు మునుగుతున్నాయి, ఇక నాట్లే వెయ్యం అన్నారు. దేశమంతా మనకేసి చూసింది. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. సాగు లేని ఏడు కౌలోడి కొడుకు పదో తరగతి ఏమైందన్నది మాత్రం మా బెంచీకే తెలుసు.

ఆ ఏడే వాళ్లమ్మ కువైట్ వెళ్లింది, ఇంటి పనికి. వీసాకి చేసిన అప్పు తీరాలంటే రెండేళ్లు రాకూడదు. ఇంట్లో ఇంకా ఇద్దరు చిన్నోళ్లు. పొద్దున్నే లేచి అన్నం వార్చి, వాళ్లకి క్యారేజీలు కట్టి, తనూ బడికొచ్చేవోడు. సెలవు రోజుల్లో నాన్న దింపుతుంటే కింద కాయలేరి రాశి పోసేవోడు. రాత్రి పుస్తకం తీస్తే నిద్రొచ్చేసేది. నేనేమో, "చదువుకుంటన్నాడు, పిలవకండి" అని మా అమ్మ వీధిలోకి చెప్తుంటే, లోపల ఫ్యాను కింద కూర్చునేవోణ్ణి.

ఫలితాలొచ్చాయి. లెక్కల్లో వాడికి నాకంటే ఎక్కువే వచ్చింది. సోషల్లో తప్పాడు.

ఇది నాకు చాలా ఏళ్లకి గానీ అర్థం కాలేదు. లెక్కలు బళ్లో వింటే వచ్చేస్తాయి, వాడికి ఆ చురుకుంది. సోషలంటే ఇంటికెళ్లి గంటలు గంటలు కూర్చుని చదవాలి. బుర్రతో పనయ్యే దాంట్లో వాడు గెలిచాడు. ఇంట్లో ఖాళీ ఉంటే అయ్యే దాంట్లో ఓడాడు. మేస్టారు ఒక్కరే, బెంచీ ఒక్కటే, పుస్తకం ఒక్కటే. మాకు తేడా వచ్చింది సాయంత్రం ఐదు తర్వాత.

ఇది ఒక్కడి కథైతే నేనింత రాయను. మీ క్లాసులో ఖాళీ అయిన బెంచీలు ఒక్కసారి తల్చుకోండి. ఒకడు దాళ్వా కోతలకెళ్లి మళ్లీ రాలేదు. ఒకమ్మాయి వాళ్లమ్మ మస్కట్ వెళ్లాక ఇల్లు చూసుకోడానికి ఆగిపోయింది. లంకల్లో పిల్లలకైతే బడికెళ్లడమే ఓ పరీక్ష. 2018 జులై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర గోదాట్లో పడవ బోల్తా పడి బడి పిల్లలు మునిగిపోయారు. కడుతున్న వంతెన స్తంభానికి గుద్దుకుంది ఆ పడవ. అమలాపురంలో ఆటో ఎక్కి బడికెళ్లే పిల్లకీ, వరద నీళ్లలో పడవెక్కే పిల్లకీ ఒకటే హాజరు పట్టీ, ఒకటే పరీక్ష.

డబ్బంటే ఫీజొక్కటే కాదు. ఇంట్లో నెల జీతం వస్తే నిమ్మళం ఉంటుంది. చదువుకున్న అమ్మ ఉంటే ఒకటో తరగతిలోనే అక్షరాలు దిద్దిస్తుంది. పట్నంలో బాబాయి ఉంటే, ఏ కాలేజీకి ఎప్పుడు దరఖాస్తు పెట్టాలో, ఏ గ్రూపు తీసుకుంటే ఏమవుతుందో ఫోన్లో చెప్తాడు. లేనోళ్ల ఇళ్లలో ఆఖరు తేదీ దాటిపోయాక తెలుస్తుంది. ఎవరు ఏ పేటలో ఉంటారు, వాళ్లకి ఎవరు పరిచయం అన్నది మన దగ్గర కులాన్ని బట్టి కూడా ఉంటుంది. ఆ సంగతి దాచుకుని మాట్లాడితే లాభం లేదు.

"అయితే ప్రైవేటు బళ్లో వేసేస్తే సరి" అంటారు. మనూళ్లో అప్పు చేసైనా చేసేది అదే కదా. దీని మీద మన ఆంధ్రప్రదేశ్‌లోనే ఓ పెద్ద ప్రయోగం జరిగింది. రాష్ట్రం విడిపోక ముందు, 2008లో మొదలుపెట్టి నాలుగేళ్లు చూశారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 5 జిల్లాల్లో 180 ఊళ్లు తీసుకున్నారు. సర్కారు బడి పిల్లల్లో లాటరీ తీసి, పేరొచ్చిన వాళ్లని ఫీజు కట్టి ప్రైవేటు బడికి పంపారు. రానోళ్లు సర్కారు బళ్లోనే ఉన్నారు. ఇందులో కిటుకు చూడండి. లాటరీ కాబట్టి రెండు గుంపుల్లోనూ ఇళ్లు ఒకే రకం. మారింది బడి ఒక్కటే.

నాలుగేళ్ల తర్వాత తెలుగులోనూ లెక్కల్లోనూ రెండు గుంపులకీ తేడా లేదు. ప్రైవేటులో హిందీ ఎక్కువ చెప్పేవారు, ఆ హిందీలో మాత్రం వాళ్లు ముందున్నారు. మామూలుగా చూస్తే ప్రైవేటు బడి పిల్లలకి సర్కారు బడి పిల్లలకంటే బాగా ఎక్కువ మార్కులొస్తాయి. మరి లాటరీ తీసేసరికి ఆ తేడా ఏమైపోయింది? అంటే అది చాలావరకు పిల్లలు ఇంటినుంచి తెచ్చుకున్న తేడా అన్నమాట. ఇల్లు ఇచ్చిన మార్కులు బడి ఖాతాలో పడుతున్నాయి, ఫ్లెక్సీ ఎక్కుతున్నాయి.

ప్రైవేటు బడి దండగని నేననట్లేదు. సర్కారు బడికయ్యే ఖర్చులో మూడో వంతు కూడా కాకుండానే, తక్కువ జీతాల టీచర్లతో వాళ్లు ఆ చదువు చెప్పారని కూడా అదే అధ్యయనం తేల్చింది. సర్కారు బడి పెద్దలు సిగ్గుపడాల్సిన సంగతది. నేననేదల్లా, వడ్డీకి తెచ్చి బడి మార్చేస్తే ఇల్లు కూడా మారిపోతుందనుకోకండి.

ఈ గొడవ మనదొక్కటే కాదు. అమెరికాలో 1966లో కోల్‌మన్ అనే ఆయన, ప్రభుత్వం అడిగితే లక్షల మంది పిల్లల్ని పరీక్షించి పెద్ద నివేదిక ఇచ్చాడు. బడి భవనాలూ, సామాన్లూ కంటే ఇంటి పరిస్థితే మార్కుల మీద ఎక్కువ పనిచేస్తోందని తేల్చాడు. అందరూ ఆ ముక్క దగ్గరే ఆగిపోతారు. ఆ నివేదికలోనే ఇంకో ముక్కుంది. మంచి బడి, మంచి టీచరు దొరికితే ఎక్కువ లాభపడేది వెనకబడిన పిల్లలే. ఉన్నోడి పిల్లకి బడి పాడైనా ఇల్లు కాస్తుంది. లేనోడి పిల్లకి బడి తప్ప ఇంకో ఆసరా లేదు.

దీనికి సాక్ష్యం మనం కళ్లారా చూశాం. కరోనాకి 2020 మార్చిలో బళ్లు మూసేశారు. 2019లో మన రాష్ట్రంలో పదో తరగతి 94.88 శాతం పాసయ్యారు. ఆ తర్వాత రెండేళ్లు పరీక్షలే లేవు. 2022లో పెట్టారు. 67.26 శాతం. రెండు లక్షల మంది పైనే తప్పారు. పరీక్ష పద్ధతి మారింది, అదీ ఓ కారణమే. కానీ ఆ పిల్లలు బళ్లు మూసినప్పుడు ఎనిమిదిలో ఉన్నారు. బడి తీసేస్తే మిగిలేది ఇల్లే. ఇంట్లో తలా ఒక ఫోనున్నోళ్లు పాఠం విన్నారు. నాన్న జేబులో ఒక్క ఫోనున్నోళ్లు, ఆయన పనినుంచి వచ్చేదాకా కూర్చున్నారు.

మరైతే లేనోళ్ల రాత ఇంతేనా? కాదు. ఇది వినండి. 2022 ఏప్రిల్ 4న మన కోనసీమతో పాటే పుట్టిన జిల్లాల్లో పార్వతీపురం మన్యం, అల్లూరి సీతారామరాజు రెండున్నాయి. రెండూ కొండ జిల్లాలే, రెండింట్లోనూ గిరిజనం ఎక్కువే. పార్వతీపురం మన్యం 2023, 2024, 2025 మూడేళ్లూ పదో తరగతిలో రాష్ట్రానికే ఫస్టు. 2025లో 93.90 శాతం. అల్లూరి జిల్లా 2025లో ఆఖరు, 47.64 శాతం. పేదరికమొక్కటే రాత రాస్తే ఈ రెండూ పక్కపక్కనే ఉండాలిగా? ఒకటి పైన, ఒకటి అట్టడుగున ఉన్నాయంటే, మధ్యలో మనుషులు చేసే పని చాలానే ఉంది. పాసవ్వడం వేరు, 590 రావడం వేరు, ఒప్పుకుంటాను. కానీ నా పక్కోడికి ఆ ఏడు కావాల్సింది 590 కాదు. సోషల్లో పాసు మార్కులు.

ఇంటి తేడా ఉందని ప్రభుత్వానికీ తెలుసు. ట్రిపుల్ ఐటీ సీట్లకి, హాస్టల్ లేని సర్కారు బళ్లలో చదివినోళ్లకి మార్కుల మీద 4 శాతం కలుపుతున్నారు. అది దయ కాదు, లెక్క సరిచెయ్యడం. మన లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టిన మధ్యాహ్న భోజనాన్ని 2025 జనవరి నుంచి సర్కారు జూనియర్ కాలేజీలకీ ఇస్తున్నారు. 2025 జూన్‌లో తల్లికి వందనం డబ్బులు పడ్డాయి. 15 వేలల్లో బడి నిర్వహణకని 2 వేలు పోను 13 వేలు. ఎంతమంది పిల్లలుంటే అంతమందికీ. మంచిదే, కాదన్ను. కానీ కువైట్లో ఉన్న తల్లిని ఆ 13 వేలు ఇంటికి తేలేవు. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా లైటు కింద కూర్చునే చోటు ఇవ్వలేవు.

ఆ మూడు గంటలూ ఊరు ఇవ్వగలదు. పంచాయతీ హాలుంది, సామాజిక భవనముంది, గుడి అరుగుంది, చర్చి హాలుంది. లైటూ ఫ్యానూ వేసి, గిన్నెడు గుగ్గిళ్లు పెట్టి పిల్లల్ని కూర్చోబెడితే చాలు. డిగ్రీ చదివి నోటిఫికేషన్ కోసం చూస్తున్న అన్నలూ అక్కలూ ప్రతి ఊళ్లో ఉన్నారు. వారానికి రెండు సాయంత్రాలు వాళ్లు కూర్చుంటే పాఠానికి పాఠం, దరఖాస్తు తేదీలకి తేదీలు పిల్లలకి అందుతాయి. లంకల్లో వరదల రోజుల్లో బడి ఎలా నడుస్తుందో, పడవలో లైఫ్ జాకెట్లు ఉన్నాయో లేదో జూన్‌లోనే గ్రామసభలో అడగాలి. ఆగస్టులో నీళ్లొచ్చాక కాదు. ఇది చదువుతున్న మీరే అడగాలి.

ఇంకో మాట. మీలో పదో, ఇంటరో తప్పినోళ్లు ఉంటారు. "నాకు బుర్ర లేదు" అనుకుని తల దించుకుని తిరుగుతుంటారు. ఆ ఏడు మీ ఇంట్లో ఏం జరిగిందో ఓసారి కాగితం మీద రాసుకోండి. సగం జవాబు అందులోనే ఉంటుంది. మిగతా సగం మళ్లీ పరీక్ష కట్టడంలో ఉంది.

నా పక్కోడు ఇప్పుడు దింపు కార్మికుడు. వాళ్లమ్మాయిని ఈ జూన్‌లో ఒకటో తరగతిలో వేశాడు. మొన్న చెట్టు దిగొచ్చి, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ అడిగాడు. "ఒరే, మా పిల్లకి సాయంత్రాలు కాసేపు ఎవరైనా చెప్తే బాగుండురా. నాకు లెక్కలైతే వచ్చుగానీ, మిగతావి రావు."

వచ్చే సోమవారం నుంచి మా ఊరి సామాజిక భవనం తాళం నా దగ్గరుంటుంది. సర్పంచ్ గారిని అడిగి తీసుకున్నాను. లెక్కలు చెప్పడానికి వాణ్ణే రమ్మన్నాను.