మొక్కై వంగనిది

"మొక్కై వంగనిది మానై వంగునా" అన్న సామెతను మా తెలుగు పంతుళ్లు వాడినంతగా మరెవరూ వాడి వుండరు. పిల్లవాడు పద్యం అప్పచెప్పలేకపోతే చాలు, నోటికి ఇదే వస్తుంది. వంచేవారు పెద్దలు, వంగేది మొక్క అని మన లెక్క. నిజానికి మొక్కను ఎవరూ వంచనక్కర లేదు. తనంత తానే వంగుతుంది. ఎటు వంగాలో మనకంటె దానికే బాగా తెలుసు.

మా పాతబస్తీలో ఈ సంగతి చూడటానికి సూక్ష్మదర్శిని అక్కర లేదు. శాలిబండ గల్లీల్లో ఈ గోడకూ ఆ గోడకూ మధ్య రెండు బారల చోటుంటే గొప్ప. ఎండ చుట్టపుచూపుగా వచ్చి పోతుంది. ఏ కిటికీలో నారు పోసినా నాలుగు రోజులు తిరక్కుండా మొలకలన్నీ ఒకేవైపు మెడలు సాచుతాయి, లాల్‌దర్వాజా బోనాలనాడు మిద్దెల మీది జనంలాగా!

దీని మర్మం ఛార్లెస్ డార్విన్, ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ పరీక్షించి 1880లో పుస్తకం వేశారు. గడ్డిమొలక కొనకు చిన్న టోపీ తొడిగితే అది వెలుతురు ఊసే ఎత్తలేదు. కొనను వదిలి కింది భాగం కప్పితే ఎప్పటిలాగే వంగింది. అంటే చూసేది తల, వంగేది నడుము! కబురు మోసే పదార్థం వున్నదని 1928లో వెంట్ అనే డచ్చి యువకుడు తేల్చాడు. దానినే ఆక్సిన్ అంటారు. అది నీడపక్కకు ఎక్కువగా చేరుతుంది, ఆ పక్క కణాలు ఎక్కువ సాగుతాయి. చీకటివైపు పెరిగితే గాని మొలక వెలుతురువైపు వంగదన్న మాట.

వంగని మొలకలూ లేకపోలేదు. మన హైదరాబాదు విశ్వవిద్యాలయం వారు అలాంటి టమాటా మొలకను పరిశీలించి 2014లో కారణం ప్రకటించారు. నీలికాంతిని పసిగట్టే ప్రోటీనులో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారిందట. ఒక్క దీర్ఘం తప్పితే పద్యం చెడటం నేను రోజూ చూసేదే గనుక నాకు ఆశ్చర్యం కలగలేదు.

నాకు ఆశ్చర్యం కలిగించింది మరొకటి. గోడ నీడ వేరు, ఆకు నీడ వేరు అని మొక్కకు తెలుసు. గోడ ఎండను తగ్గిస్తుందే గాని రంగుల పాళ్లు అంతగా మార్చదు. ఆకు అలా కాదు. ఎర్రకాంతిని తన వంటకు వుంచుకుని, మన కంటికి సరిగా ఆనని దూరపు ఎరుపును వదిలేస్తుంది. 1959లో అమెరికాలో బయటపడిన ఫైటోక్రోమ్ అనే పదార్థం ఆ రెంటి పాళ్లను తూచి చూస్తుంది. దూరపు ఎరుపు పాలు హెచ్చిందా, పక్కన పోటీదారు వున్నట్టే. నీడ తన మీద పడకముందే, పొరుగు ఆకులకు తగిలి వచ్చిన కాంతితోనే పసిగట్టి కాడను సాగదీస్తుంది. కాడకు పెట్టిన బలం వేరుకూ ఆకుకూ తగ్గుతుంది. ఒత్తుగా పోసిన నారు చిన్నగాలికే పడిపోయేది అందుకే.

ఇది మా ఆవిడకు చెప్పకపోతే బాగుండేదేమో. వాళ్లమ్మగారు పోయేముందు ఇచ్చిన నాటు టమాటా పొట్లంలో చివరి గింజలన్నీ మొన్న ఒకే డబ్బాలో పోసింది. పలచన చెయ్యాలంటే సగం పీకాలి.

"ఎదురింటి గోడను మీరెలాగూ తియ్యలేరు. మా అమ్మ మొక్కల్ని మాత్రం పీకమంటారా?" అంది.

పీకలేదు. ఒక్కొక్కటే వేరు తెగకుండా తీసి వేరువేరు ముంతల్లో పెట్టింది. పదకొండు ముంతలు. పొద్దున్నే మిద్దె ఎక్కించే పని నాకు అప్పగించింది. మెట్లు ఇరవైరెండు.