ఎముక అతికిన చాలునా?



బండి ఇరుసు విరిగినచో వడ్రంగిని పిలిపింతుము. అది బాగుపడిన పిమ్మట కందెన వేసి, చక్రమును నాలుగు చుట్లు త్రిప్పి చూచి, సులువుగా తిరుగుచున్నదని తెలిసికొన్న తరువాతనే బరువెత్తుదుము. మన దేహమున ఎముక విరిగినపుడు మాత్రము, కట్టు విప్పుటతోనే పని తీరినదని తలంచుచున్నాము. ఎముక అతికిన పిదప కీలు కదలుచున్నదా లేదా యని విచారించువారు మనలో అరుదు. ఈ యశ్రద్ధవలన పాటుపడు చేతులు పనికి దూరమగుచున్నవి. ఈ సంగతిని సంఘసభ్యుల దృష్టికి తెచ్చుటయే నా యుద్దేశము.

మొదట నా యనుభవమును చెప్పెదను. మూడేండ్ల క్రిందట పొలము గట్టుపై జారిపడి కుడి మణికట్టు విరుగగొట్టుకొంటిని. ఒక వైద్యశాలలో ఆరు వారములు పిండికట్టు ఉంచిరి. కట్టు విప్పిననాడు ఎముక చక్కగా అతికినదని చెప్పి పంపిరి. కట్టులో నున్నపుడే వ్రేళ్ళను, భుజమును కదలించుచుండవలెనని గాని, విప్పిన పిదప ఏమి చేయవలెనని గాని చెప్పినవారు లేరు. అడుగవలెనని నాకును తోచలేదు. రెండు నెలలు గడచినను కొడవలి పిడి బిగించి పట్టలేకపోతిని. చిల్లర పుచ్చుకొనుటకు అరచేతిని వెల్లకిల త్రిప్పలేకపోతిని. తెలిసినవారొకరు నూనె రాచి బలముగా గుంజగా వాపు హెచ్చినది. ఆ యేడు కోతలకు కూలి యిచ్చి మనుషులను పెట్టుకొంటిని.

తుదకు పట్టణమున ఫిజియోథెరపిస్టు నొకరిని చూచితిని. ఆయన నా ముంజేతిని ఒక చేత కదలకుండ పట్టి, రెండవ చేత మణికట్టు చిన్న ఎముకలను మెల్లమెల్లగా ముందువెనుకలకు జరిపెను. గుంజుట లేదు, విరుచుట లేదు. పండ్రెండు సారులు పోయి, ఇంట దినమునకు మూడుమారులు ఆయన చెప్పిన వ్యాయామము చేయగా, మరుసటి కోతలకు కొడవలి పట్టగలిగితిని. చేయి పూర్తిగా మునుపటివలె కాకున్నను పనికి లోటు లేదు.

ఇందలి కిటుకు మంత్రము కాదు. కీలు వంగుట కంటికి కనబడును. దానిలో ఎముక ఎముకపై కొంచెము జారుట కంటికి కనబడదు. చేయి పైకెత్తునపుడు భుజము గుండు పైకి దొర్లుటయే గాక, లోపల కొంచెము క్రిందికి జారవలెను. చాల దినములు కదలక యున్నచో కీలును చుట్టియున్న పొర బిగిసిపోవును. ఆ జారుట నిలిచిపోవును. చేయి సగములోనే ఆగిపోవును. ఈ జారుటను రోగి తన యిచ్ఛచే తానై చేసికొనలేడు. కావుననే శిక్షణ పొందిన యింకొకరి చేయి కావలసివచ్చుచున్నది. మరియొక విశేషము: ఎముకల కొనలనున్న మృదులాస్థికి నెత్తురు నాళములు లేవు. కీలులోని జిగురు ద్రవమే దానికి ప్రధానమైన ఆహారము. కదలికవలననే ఆ యాహారము దానికి చక్కగా అందును.

ఇరువదవ శతాబ్దమున నార్వే దేశీయుడు కాల్టెన్‌బోర్న్, ఆస్ట్రేలియా దేశీయుడు మెయిట్లాండ్ మొదలగువారు ఈ చేతిపనిని శాస్త్రముగా దిద్దిరి. మెయిట్లాండ్ దీనిని నాలుగు మెట్లుగా విభజించెను. మొదటి రెండు మెట్లు బిగువు తగులకమునుపే ఆగు మెత్తని కదలికలు. ఇవి నొప్పిని తగ్గించుటకు. తరువాతి రెండును బిగువు వరకు పోవునవి. ఇవి పట్టు వదలించుటకు. నొప్పి మిక్కుటముగా నున్నవానికి నాలుగవ మెట్టు ప్రయోగించుట, మొలకకు కాలువనీరంతయు ఒక్కమారు విడుచుట వంటిది. అదియును గాక, ఇంట వ్యాయామము చేయనివానికి ఈ చికిత్సవలని మేలు నిలువదు.

ఇది అందరికిని తగినదియు కాదు. ఎముక అతుకకమునుపు, కీలు ఎఱ్ఱబారి కాగుచు జ్వరమున్నపుడు, ఎముకలు మిక్కిలి గుల్లబారినపుడు కీళ్ళను జరిపించుకొనరాదు. ముందు వైద్యుని చూడవలెను. నడుము నొప్పితో కాళ్ళు తిమ్మిరెక్కి, మూత్రము బిగబట్టినచో ఒక్క పూటయైనను ఆలసింపరాదు.

మనకు తరతరములుగా కట్టు కట్టువారున్నారు. రాయలసీమలోని పుత్తూరు కట్టు ప్రసిద్ధమే గదా. వారిని తూలనాడుట నా యభిమతము కాదు. కాని కట్టు వేరు, కట్టు విప్పిన తరువాతి పని వేరు. మొదటిది ఎవరు చేసినను, రెండవదానిని విడువరాదనియే నా మనవి.

ఇది మన చందుర్తి ప్రాంతమునకు మఱింత అవసరము. మగవారనేకులు గల్ఫు దేశములకు పోగా, నాట్లు, కలుపు, కోతల భారము ఆడువారిపై బడినది. నాట్లు లేనపుడు బీడీలు చుట్టు వ్రేళ్ళును వారివే. సిరిసిల్ల మగ్గములకడ నిలుచువారి భుజములును ఇట్టివే. నలువది దాటినవారికి, అందును చక్కెర వ్యాధి గలవారికి, భుజము పట్టుకొనిపోవుట హెచ్చు. అది తనంతట తగ్గుటకు ఏండ్లు పట్టవచ్చును. అన్నాళ్ళు చేయెత్తక యున్న యిల్లాలి సంసారము గడచుటెట్లు?

“నెలకు నాలుగుమారులు పట్టణము పోవ తీరిక యెక్కడిది?” అని కొందరందురు. ఆ మాట నిజము. ఒక్కొక్కరు పోలేనిచోట పదిమంది కూడి సాధించుటకే గదా సహకార సంఘము పుట్టినది! ఎద్దులకును ట్రాక్టరులకును అప్పులిచ్చు సంఘము, వానిని నడుపు చేతులను మరువదగునా?

కావున నా సూచనలు మూడు. ఒకటి: జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి. అచ్చటి వైద్యశాలలలో ఈ చికిత్స ఏయే దినముల దొరకునో సంఘమే విచారించి ప్రకటన పలకపై వ్రాయింపవలెను. రెండు: ధాన్యము తూకములు ముగిసిన దినములలో గిడ్డంగిలో ఒక గది నూడ్పించి, పక్షమున కొకమారు అర్హుడగు ఫిజియోథెరపిస్టును రప్పింపవలెను. ఈ వృత్తిని గుర్తించు చట్టము 2021లో పార్లమెంటు చేసినది గనుక, అర్హతపత్రము చూడనిదే ఎవరిని నియమింపరాదు. ఖర్చులో కొంత రోగియు, ఉపవిధులు అనుమతించినంత మేర కొంత సంఘమును భరింపవచ్చును. మూడు: కట్టు విప్పించుకొను ప్రతి సభ్యుడును “ఇక నేనేమి చేయవలెను?” అని వైద్యుని అడిగియే లేవవలెను. ఈ మూడవదానికి కాసు ఖర్చు లేదు. నేనానాడు ఆ మాట అడిగియున్నచో నాకొక పంట కూలి మిగిలియుండెడిది.

రానున్న మహాసభలో సభ్యులు ఈ విషయమును చర్చించి తీర్మానింతురుగాక.